రౌటర్‌లో ఫిల్టర్ పెట్టినా ట్యాబ్‌లో అన్నీ తెరుచుకుంటుంటే: నా అనుభవం

రౌటర్‌లో పెట్టిన ఫిల్టర్ నా ఫోన్‌లో పనిచేసేది, పిల్లాడి ట్యాబ్‌లో మాత్రం పెద్దల సైట్లు తెరుచుకునేవి. సేఫ్‌సెర్చ్, బ్లాకింగ్ యాప్, ఎక్స్‌టెన్షన్... దేనితోనూ కుదర్లేదు.

పనిచేసిన వరుస ఇది. ముందు రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైట్ పేరు చెబితే దాని నంబరు చిరునామా ఇచ్చే సర్వీసు) 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్). రెండోది ఖాళీగా వదలొద్దు. తర్వాతదే అసలు కీలకం: ట్యాబ్‌లో క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో 'యూజ్ సెక్యూర్ డీఎన్‌ఎస్'. అక్కడ వేరే సర్వీసు ఎంచుకుని ఉంది. అంటే బ్రౌజర్ రౌటర్‌ని అడక్కుండానే చిరునామాలు తెచ్చేసుకుంటోంది. ఆపేశాను. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ కూడా ఆఫ్ చేసి, ట్యాబ్ రీస్టార్ట్ చేశాక ఆ సైట్లు ఆగాయి.

మీ దగ్గర కారణం వేరే కావచ్చు. ఐపీవీ6 (ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి) ఉంటే దాని డీఎన్‌ఎస్ కూడా చూడండి. మొబైల్ డేటాకీ, వీపీఎన్‌కీ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించే యాప్) ఇది అడ్డు కాదు. గేముల్లో అపరిచితుల చాట్‌ని అసలే ఆపదు, అది ఆ గేమ్ సెట్టింగుల్లోనే కట్టేయాలి.