పిల్లి ఉన్న ఇంట్లో చీమల బెడద ఇలా తగ్గింది

మా నెల్లూరు జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాయంటే చీమలన్నీ ఇళ్ళలోకే. కావలిలో మా ఇంట్లో సన్న నల్లచీమలు పంచదార డబ్బా దగ్గర్నుంచి బారులు తీరి పిల్లి గిన్నెలోకి దిగేవి. పసుపు, ఉప్పు, వెనిగర్ ఏవీ నిలవలేదు. చీమల చాక్‌పీసులో ఉండే పైరెత్రాయిడ్ మందులు పిల్లులకు ప్రమాదం కాబట్టి దాని జోలికే పోలేదు.

ముందు పిల్లి గిన్నెను నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో పెట్టాను. చుట్టూ నేలను సబ్బునీళ్ళతో తుడిచాను. చీమలు వదిలే వాసన దారి దాంతో చెరిగిపోతుంది.

అసలు పనిచేసింది ఎర. కప్పు గోరువెచ్చని నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల పంచదార, అర టీస్పూన్ బోరిక్ పౌడర్ కరిగించాను. పౌడర్ అంతకు మించకూడదు. మందు ఎక్కువైతే చీమ దారిలోనే చచ్చిపోతుంది, పుట్టలోని రాణిదాకా చేరదు. అందులో దూది ముంచి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైఅంచున కాల్చిన సూదితో చీమ పట్టేంత బెజ్జాలు పొడిచాను. ఫ్రిజ్ వెనక, పిల్లి మూతి దూరని చోట గోడకు టేపుతో అంటించాను. మొదట్లో చీమలు మూగి ఇంకా పెరిగినట్టే ఉంటుంది. టెన్షన్ పడి తుడిచేయకండి. మెల్లగా బారు పలచబడి, తర్వాత ఆగిపోయింది.

ఇది తీపికి వచ్చే చీమలకే. చేపముక్కకు పట్టే ఎర్రచీమల మీద పనిచేస్తుందని చెప్పలేను. బోరిక్ పౌడర్ కూడా కడుపులోకి పోతే ప్రమాదమే. దొరికిందల్లా కొరికే కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఈ ఎర పెట్టకండి.