గడ్డి కోసే యంత్రం స్టార్టయ్యాక ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే: సమస్య - పరిష్కారం

లాన్ మోవర్లలో ఉండే ఒంటి సిలిండరు, నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజిన్ తాడు లాగగానే అందుకుని, ఆ తరువాత సాఫీగా నడవడం లేదంటే కంప్రెషను (సిలిండరులో గాలి, పెట్రోలు నొక్కుకునే ఒత్తిడి), ప్లగ్గులో స్పార్కు ఎంతో కొంత ఉన్నట్టే. కాబట్టి ముందుగా అనుమానించవలసినది ఇంధనాన్ని. పానా పట్టుకునే ముందు ఇంజిన్ ఎలా మొరాయిస్తున్నదో కాసేపు గమనిస్తే సగం పని అయిపోతుంది. బ్లేడు దగ్గరికి చెయ్యి పోనిచ్చే ప్రతిసారీ ప్లగ్గు క్యాపు ఊడదీసి పక్కన పెట్టడం మాత్రం తప్పనిసరి.

సమస్య: రేసు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

కారణం: సిలిండరులోకి గాలి ఎక్కువగా, పెట్రోలు తక్కువగా వెళుతున్నది. వేగం పడిపోగానే ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు, సిలిండరులోకి గాలి, పెట్రోలు వెళ్ళే దారిలోని తలుపైన థ్రాటిల్‌ను తెరుస్తుంది, వేగం పెరగగానే మూస్తుంది. చాలినంత పెట్రోలు అందనందువల్ల ఈ ఊగిసలాట ఆగదు. నిర్ధారించుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా, గాలి దారిని మూసే చోక్‌ను సగం వరకు వేసి చూడండి. శబ్దం నిలకడగా మారితే గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లోని జెట్టు (పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క) మూసుకుపోయిందనో, కార్బ్యురేటర్ గాస్కెట్ (అతుకు దగ్గర వేసే పొర) దగ్గర గాలి పీలుస్తున్నదనో అర్థం.

పరిష్కారం: నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలును పూర్తిగా తీసివేయండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా, అమెరికాలో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పెట్రోలు ఆవిరైన చోట జిగురు మిగులుతుంది. చిన్న ఇంజిన్ల తయారీదారులు చాలామంది 10 శాతం వరకే అనుమతిస్తారు కనుక మీ యంత్రం మాన్యువల్ ఒకసారి చూడండి. తరువాత పెట్రోలు కాక్ కట్టేసి, కార్బ్యురేటర్ అడుగున ఉన్న బోల్టు విప్పి గిన్నెను దించండి. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టులోనే జెట్టు ఉంటుంది. జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం చక్కగా గుండ్రంగా కనిపించాలి. అంచున గోధుమరంగు పొర కనిపించినా అది శుభ్రం కానట్టే. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని సన్నని రాగి పోగుతో పొడవండి. గుండుసూది వాడకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. కార్బ్యురేటర్ లోపల పక్కలంతా చిన్నచిన్న రంధ్రాలున్న గొట్టాన్ని కూడా ఇలాగే శుభ్రం చేయాలి. చాలామంది దీన్ని వదిలేయడం వల్లనే మళ్ళీ అదే సమస్య వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే గాస్కెట్ మార్చండి.

సమస్య: నల్లటి పొగ, పెట్రోలు వాసన, బరువుగా మూలిగే శబ్దం.

కారణం, పరిష్కారం: పెట్రోలు ఎక్కువవుతున్నది. చోక్ పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండిందో చూడండి. స్పాంజి ఫిల్టరును సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిలు పట్టించి పిండాలి; కాగితపు ఫిల్టరును కడగకుండా మార్చాలి. మసి పట్టిన ప్లగ్గును తుడిచి, మాన్యువల్‌లో చెప్పినట్టు కొనల మధ్య గ్యాపు ఉంచండి. చాలా ఇంజిన్లకు అది 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఇంజిన్ ఆయిలులోనే పెట్రోలు వాసన వస్తుంటే కార్బ్యురేటర్ గిన్నెలోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోటు సూది కారుతున్నట్టు. దాన్ని బాగుచేసి, ఆయిలు కూడా మార్చిన తరువాతే మళ్ళీ స్టార్టు చేయండి.

సమస్య: కొన్ని నిమిషాలు బాగా నడిచి, ఆ తరువాత మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది.

కారణం, పరిష్కారం: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడిపోయి ఉండవచ్చు. ఆగిన వెంటనే మూత వదులు చేసి స్టార్టు చేస్తే బాగా నడిచిందంటే, మూతను శుభ్రం చేయడమో మార్చడమో చాలు. అలా కాక, వేడిమీద ప్లగ్గులో స్పార్కు రాకుండా, చల్లారాక వస్తుంటే ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ మార్చాలి.

సమస్య: బ్లేడు రాయికో, చెట్టు వేరుకో తగిలినప్పటి నుంచి ఇంజిన్ సరిగా లేదు, తాడు లాగితే చేతిని వెనక్కి గుంజుతున్నది.

కారణం, పరిష్కారం: ఫ్లైవీల్‌ను క్రాంక్ షాఫ్టుకు (బ్లేడును తిప్పే ఇరుసు) కుదిర్చే చిన్న మెత్తటి లోహపు కీ తెగి, స్పార్కు పడే టైమింగు తప్పింది. ఎన్నిసార్లు కార్బ్యురేటర్ కడిగినా దీనికి ఫలితం ఉండదు. ఫ్లైవీల్ తీసి, కంపెనీ కీనే వేయించండి. గట్టి ఉక్కు ముక్క వేస్తే ఈసారి దెబ్బ క్రాంక్ షాఫ్టు మీద పడుతుంది. షాఫ్టు ఇప్పటికే వంగి ఉంటే యంత్రమంతా అదురుతుంది, అప్పుడు దాన్ని నడపకుండా మెకానిక్ దగ్గరికే తీసుకువెళ్ళాలి.