పాత అంబాసిడర్ సెల్ఫ్ కొడితే గరగరమంటోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టండి

తాళం తిప్పగానే తిరగలిలో ఇసుక పోసినట్టు గరగరమని శబ్దం వస్తే, చాలామంది ఇంకో నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి చూస్తారు. ఆ పని మాత్రం చేయకండి. సెల్ఫ్ మోటారు చివర ఉండే పినియన్ అనే చిన్న పళ్ళ చక్రం, ఇంజన్ వెనక ఫ్లైవీల్ అనే బరువైన చక్రం చుట్టూ ఉన్న రింగ్ గేర్‌లో సరిగ్గా కూర్చోక పళ్ళు పళ్ళు గీరుకుంటున్నాయి. పినియన్ అరిగితే మోటారు విప్పి మార్చుకోవచ్చు, పెద్ద పని కాదు. రింగ్ గేర్ పళ్ళు పోతే మాత్రం గేర్‌బాక్స్ దింపాలి. అందుకే ఏది పాడైందో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి. మోటారు విప్పి షాపులో ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటే, కొత్త పినియన్‌ని కూడా పాత రింగ్ గేర్ తినేయొచ్చు.

ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 కన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టించండి, మిగతా పరీక్షలు తర్వాత. పెట్రోల్ బండి అయితే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే లావు వైరు డిస్ట్రిబ్యూటర్ వైపు ఊడదీసి ఇంజన్ ఇనుముకి ఆనించండి. అప్పుడు బండి స్టార్ట్ కాదు. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడండి. 9.6 కన్నా కిందికి పడిపోతుంటే బ్యాటరీలో బలం లేదు, లేదా మోటారే కరెంటు ఎక్కువ లాగుతోంది. నీరసంగా తిరిగే మోటారు పినియన్‌ని గట్టిగా విసరలేదు. అంచుల దగ్గరే అది గీరుకుంటుంది.

తర్వాత మీటరు ఒక వైరు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి మళ్ళీ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్‌లోనే లోపం ఉన్నట్టు. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండే బండ్లకు ఇది మామూలే. ఉప్పుగాలికి టెర్మినల్ కింద పచ్చటి చిలుము పట్టి, పైకి బిగుతుగా కనిపించే వైరు లోపల కరెంటు రానివ్వదు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీని కూడా విప్పి, రెండు వైపులా గరుకు కాగితంతో రుద్ది బిగించండి. ఈ ఒక్క పనితో శబ్దం పోతే మీ అదృష్టం.

శబ్దం ఎప్పుడొస్తోంది?

ఇది వినాలంటే మోటారు ఏ రకమో తెలియాలి. 1489 సీసీ పాత పెట్రోల్ బండ్లలో చాలావాటికి బెండిక్స్ రకం ఉంటుంది. మోటారు తిరిగిన ఊపుకే పినియన్ తన షాఫ్టు మీది స్క్రూ మరల వెంట జారి రింగ్ గేర్‌లో పడుతుంది. డీజిల్ బండ్లకు, 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజన్ అంబాసిడర్ 1800కి మోటారు వీపు మీదే సోలనాయిడ్, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసే స్విచ్చు ఉంటుంది. అది ముందు పినియన్‌ని లోపలికి తోసి, తర్వాత మోటారుకి కరెంటు ఇస్తుంది.

కొట్టగానే గరగరమని, ఇంజన్ తిరగకపోతే పళ్ళు అరిగి ఉండొచ్చు. లేదా మోటారు బోల్టులు వదులై, షాఫ్టుని పట్టి ఉంచే ముందు బుష్ అరిగి, పినియన్ పక్కకి ఒరుగుతోంది. బోల్టులు బిగించి చూడటానికి పైసా ఖర్చు లేదు, ముందు అదే చూడండి. గరగర లేకుండా మోటారు ఒక్కటే 'వీ...' అని తిరిగితే, బెండిక్స్‌లో పినియన్ జిడ్డుకి అతుక్కుపోయింది. సోలనాయిడ్ రకంలో అయితే పినియన్‌ని ఒకే వైపు పట్టి తిప్పే వన్-వే క్లచ్ జారిపోతోంది. టకటకటక మని ఆగిపోతే అది బ్యాటరీ కథ.

ఇంజన్ స్టార్టయ్యాక కూడా శబ్దం ఆగకపోతే మాత్రం ఆలోచించకండి. ఇంజన్ ఆపి వెంటనే బ్యాటరీ ఎర్త్ తీసేయండి. పినియన్ వెనక్కి రాలేదు, లేదా సోలనాయిడ్ కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఇంజన్ వేగానికి మోటారు లోపల తిరిగే భాగమైన ఆర్మేచర్ తీగలు ఊడి వచ్చేస్తాయి.

అసలు కొట్టినప్పుడల్లా ఇంజన్ వెనక్కి తన్నుతుంటే టైమింగ్, అంటే సిలిండర్లో మంట అంటుకునే సమయం, చూపించండి. టైమింగ్ మరీ ముందుకుంటే ఇంజన్ ఎదురు తిరిగి బెండిక్స్ స్ప్రింగ్‌ని విరిచేస్తుంది.

చాక్‌పీసు పరీక్ష

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు ఎక్కడంటే అక్కడ ఆగదు. కంప్రెషన్ వల్ల ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఏదో ఒక దగ్గరే నిలుస్తుంది. అందుకే రింగ్ గేర్ కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతుంది.

గరగరమన్నప్పుడు ఆపి, ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీ మీద, ప్రతిసారీ పైకొసనే, చాక్‌పీసుతో గీత పెట్టండి. తాళం ఆపి, టాప్ గేరులో వేసి, ఇటుకలు తీసి హ్యాండ్ బ్రేకు వదిలి, బండిని అర జానెడు ముందుకు తోయండి. మళ్ళీ న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వేసి సెల్ఫ్ కొట్టండి. శుభ్రంగా పట్టుకుంటే అరిగింది రింగ్ గేరే. ఇంజన్ ఎక్కడ ఆగినా గరగరమంటే పినియన్ గానీ, మోటారు బిగింపు గానీ కారణం. ఒకటికి రెండుసార్లు చేసి, గీతలు ఒకేచోట గానీ, దానికి సరిగ్గా ఎదురుగా గానీ పడుతున్నాయేమో చూడండి.

పినియన్ పూర్తిగా ఇరుక్కుపోయినా ఇదే ఉపాయం. టాప్ గేరులో బండిని ముందుకీ వెనక్కీ ఊపితే వదులుతుంది. కొన్ని పాత మోటార్లకు వెనక మూత కింద చదరపు కొస ఉంటుంది, దాన్ని స్పానర్‌తో తిప్పినా చాలు.

విప్పి చూడటం

ముందు బాడీకి బిగించిన బ్యాటరీ వైరు తీయండి. బాగా పాత బండ్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైరే బాడీకి బిగించి ఉంటుంది, కాబట్టి రంగు చూసి కాదు, వైరు ఎటు వెళ్తోందో చూసి తీయాలి. మోటారు తీశాక ఆ కంతలో టార్చి వేసి, హ్యాండిల్‌తోనో పుల్లీతోనో ఇంజన్‌ని నెమ్మదిగా పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ ప్రతి పన్నూ చూడండి. అంచులు కాస్త మొద్దుబారితే ఫర్వాలేదు. విరిగిన పన్ను, సగం పొట్టైన పన్ను కనిపిస్తే రింగ్ గేర్ మార్చాల్సిందే.

బెండిక్స్ మరల మీద నల్లటి ముద్ద ఉంటే అది క్లచ్ దుమ్మూ ఆయిలూ కలిసింది. ఈ ఇంజన్లకు వెనక నుంచి ఆయిల్ కారడం కొత్తేం కాదు. కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టండి. మెత్తగా జారుతుందని నూనె పెట్టకండి, దుమ్ము పట్టి మళ్ళీ అతుక్కుపోతుంది. మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నీళ్ళలో నిలబడ్డ బండికి అక్కడ తుప్పు కూడా ఉంటుంది, దాన్ని సన్న గరుకు కాగితంతో తీయాలి. కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు ఎలాగూ చేతిలోకి వచ్చాయి గనక చూపించేయండి.

సెల్ఫ్ మోటారు పని నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట్ల ఆటో ఎలక్ట్రీషియన్లు చేస్తారు. పాత సామాను దొరకకపోతే చెన్నై పుదుపేటలో వెతికించండి, కానీ పాత పినియన్ చేతిలో పట్టుకుని వెళ్ళి పళ్ళు లెక్కపెట్టి సరిపోల్చాలి. రింగ్ గేర్‌ని వేడి చేసి ఫ్లైవీల్ మీద బిగిస్తారు. విరిగిన పళ్ళను వెల్డింగ్‌తో నింపుతామంటే నేనైతే ఒప్పుకోను, ఆ ఇనుముకి అసలు పళ్ళ గట్టిదనం ఉండదు. రింగ్ గేర్ మారిస్తే పినియన్ కూడా మార్చండి. గేర్‌బాక్స్ ఎలాగూ కిందికి దిగింది కదా, క్లచ్ ప్లేటు ఎంత మిగిలిందో, ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో మెకానిక్‌ని అప్పుడే చూడమనండి.