గుర్రం కొనడం – ఆరవ పాఠం: వైద్య పరీక్ష ఎప్పుడు, ఎవరి చేత, దేని కోసం?

గత పాఠం చివర రెండు పనులు అప్పగించాను. గుర్రాన్ని ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేయించి తల ఊపును గమనించడం మొదటిది. కొనేముందు వైద్య పరీక్ష చేయించాలో అక్కరలేదో కారణాలతో రాసి పంపడం రెండవది. మొదటి పనిని ఎక్కువ మంది సరిగ్గానే చేశారు. ముందుకాలు నొప్పిగా ఉన్న గుర్రం ఆ కాలు మోపినప్పుడు తల పైకెత్తుతుందనీ, బాగున్న కాలు మోపినప్పుడు దించుతుందనీ పట్టుకోగలిగారు. చిక్కంతా రెండవ దానితోనే వచ్చింది. "అమ్మేవారి దగ్గర డాక్టరు కాగితం ఉంది కాబట్టి మళ్ళీ పరీక్ష దండగ" అన్నదే చాలా జవాబుల సారాంశం. అందుచేత ఈ పాఠానికి అనుకున్న ఎక్స్‌రే సంగతులను వాయిదా వేసి, ముందుగా ఆ కాగితం సంగతి తేల్చుకుందాం.

అమ్మేవారు చూపే కాగితం సాధారణంగా రెండింటిలో ఒకటి. మొదటిది ప్రయాణ ధ్రువపత్రం. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం గుర్రాలను రైలులో గానీ లారీలో గానీ తరలించేటప్పుడు, అవి ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాయనీ, అంటురోగాలేవీ లేవనీ పశువైద్యుడు ఇచ్చిన పత్రం వెంట ఉండాలి. అంటే ఈ గుర్రం లారీ ఎక్కవచ్చునని మాత్రమే ఆ డాక్టరు చెప్పాడు. దాని మీద మీ అమ్మాయి వారానికి ఐదు రోజులు స్వారీ చేయవచ్చునని ఆయన అనలేదు, ఆయనను అలా అడిగిన వారూ లేరు. రెండవది గ్లాండర్స్ రక్తపరీక్ష నివేదిక. దీనిని నేను తక్కువ చేసి మాట్లాడను. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు, దానికి టీకా లేదు, 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద వ్యాధి ఖాయమైన గుర్రాన్ని చంపివేయవలసిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ నిర్ధారణ చేస్తుంది. ఈ నివేదిక లేని గుర్రాన్ని మీ ఆవరణలోకి రానివ్వకండి. అయితే అది కూడా ఆ రోజు తీసిన రక్తం గురించే చెబుతుంది తప్ప, కాళ్ళ గురించీ కళ్ళ గురించీ ఊపిరి గురించీ ఒక్క మాటా చెప్పదు.

ఇంకొక ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ రక్తం ఈ గుర్రానిదేనని ఎలా తెలుసు? "ఎరుపు రంగు, ఆడ, ఆరేళ్ళు" అని రాసి ఉంటే సంతలో సగం గుర్రాలకు ఆ వర్ణన సరిపోతుంది. మైక్రోచిప్ ఉంటే దాని సంఖ్యను రీడర్‌తో సరిచూడాలి. లేకపోతే సుళ్ళు, తెల్ల మచ్చలు, పాత గాయాల గుర్తులు కాగితంలో ఎక్కడెక్కడ రాశారో చూసి, ఒక్కొక్కదాన్నీ గుర్రం ఒంటి మీద వేలు పెట్టి సరిచూడాలి. మనవాళ్ళు సుళ్ళను శుభాశుభాల కోసం చూస్తారు, ముఖమూ నాలుగు కాళ్ళూ తెల్లగా ఉన్న పంచకల్యాణి అంటే ధర పెంచుతారు. వాటితో అదృష్టం వస్తుందో రాదో గానీ, గుర్రాన్ని గుర్తుపట్టడానికి మాత్రం సుడి చక్కగా పనికివస్తుంది, ఎందుకంటే అది పుట్టుకతో వచ్చి, పెరిగినా మారదు. సుడి స్థానం కాగితంతో కలవకపోతే బేరం అక్కడితో ఆపండి.

కాగితం నిజమైనదే, గుర్రమూ అదే అనుకుందాం. అప్పటికీ అది నిలబడి ఉన్న గుర్రం గురించిన మాటే. స్వరపేటికలో ఒక పక్క చచ్చుబడిన గుర్రం పాకలో మామూలుగానే ఊపిరి తీస్తుంది, దౌడు తీయిస్తేనే గాలి లోపలికి పీల్చేటప్పుడు గరగరమని శబ్దం వస్తుంది. ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి తగ్గించే మందు పెట్టిన గుర్రం కుంటుతనం ఆ మందు ప్రభావం ఉన్నంతసేపు బయటపడకపోవచ్చు. బ్రిటన్‌లో కొనేముందు చేసే ఐదంచెల పరీక్షను ఈ కారణంగానే అలా అమర్చారు: విశ్రాంతిలో చూడడం, నడిపించి ట్రాట్ చేయించడం, బాగా పని చేయించడం, కొంతసేపు ఆపి మళ్ళీ చూడడం, చివరగా మరోసారి ట్రాట్ చేయించడం. మందు అనుమానం ఎప్పుడైనా వస్తే పరీక్షించడానికి రక్తం తీసి దాచిపెట్టే అలవాటు కూడా అక్కడ ఉంది. మన దగ్గర డాక్టరును అడిగితే తప్ప రక్తం తీయరు, కాబట్టి మీరే అడగాలి. అడగగానే అమ్మేవారి ముఖంలో కనిపించే మార్పు కూడా నా దృష్టిలో పరీక్షలో భాగమే.

ఇక నిర్ణయం దగ్గరకు వద్దాం. గుర్రం చవక కాబట్టి పరీక్ష వద్దన్న వాదన నాకు నచ్చదు. నాలుగు వందల కిలోల గుర్రం ఎంతకు కొన్నదైనా రోజుకు సుమారు ఎనిమిది కిలోల ఎండుమేత, దాణా తింటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి లాడాలు మార్పించుకుంటుంది, కుంటుతున్నా సరే. పరీక్ష ఖర్చును కొనే ధరతో కాక, పనికిరాని గుర్రాన్ని ఏడాది పోషించే ఖర్చుతో పోల్చండి. గుర్రాన్ని మీరే ఏళ్ళ తరబడి చూస్తూ ఉంటే, చేయించబోయే పని కూడా అదే అయితే, విశ్రాంతిలోనూ ట్రాట్‌లోనూ చూసే మొదటి రెండు అంచెలు చాలునని నా అభిప్రాయం. మిగిలిన సందర్భాల్లో పూర్తి పరీక్షే చేయించండి.

పరీక్షలో దేన్ని ముఖ్యంగా చూడాలన్నది పనిని బట్టి మారుతుంది. మలక్‌పేట రేసుకోర్సు నుంచి బయటకు వచ్చిన థరోబ్రెడ్‌కు ముందుకాలి వెనుక స్నాయువు (టెండన్) ఎప్పుడో వాచి గట్టిపడి ఉండవచ్చు. మోకాలి కింద బొటనవేలితో నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట విల్లులా ఉబ్బు తగులుతుంది. నెమ్మదైన స్వారీకి ఆ గుర్రం ఏళ్ళపాటు పనికిరావచ్చు, దూకుళ్ళు నేర్పించాలనుకుంటే మాత్రం డాక్టరు వద్దనే అవకాశమే ఎక్కువ. ఈనడానికి కొనే గుర్రానికి గర్భాశయ పరీక్ష ముఖ్యం. పెళ్ళి ఊరేగింపుల గుర్రానికి కళ్ళు, గిట్టలు చూపించండి, బ్యాండు మోతకు బెదురుతుందో లేదో చెప్పడం డాక్టరు పని కాదు.

కాబట్టి డాక్టరును "గుర్రం మంచిదేనా?" అని అడగవద్దు. ఏ పని, వారానికి ఎంతసేపు, ఎక్కేవారి బరువెంత అన్నవి చెప్పి, ఆ పనికి ఏ లోపం అడ్డు వస్తుందో అడగండి. ఆ డాక్టరు అమ్మేవారి గుర్రాలను రోజూ చూసేవారై ఉండకూడదు, ఫీజు మీరే ఇవ్వాలి. కాలు మడిచి పట్టుకుని వదిలి ట్రాట్ చేయించే పరీక్షలో కాస్త తడబడినంత మాత్రాన బేరం వదులుకోవడం నాకు ఇష్టముండదు, మిగిలిన లక్షణాలతో కలిపి చూడాలి. నేనైతే చెప్పిన సమయానికి గంట ముందే వెళతాను. సాయిసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) అప్పటికే గుర్రాన్ని తిప్పి చెమట పట్టించి ఉంటే ఆ రోజు పరీక్ష మానుకుంటాను, ఎందుకంటే కాళ్ళ బిగువు కదిలేకొద్దీ సడలిపోతుంది. డిసెంబరులో నందుర్‌బార్ జిల్లా సారంగ్‌ఖేడా సంతకు వెళ్ళేవారు డాక్టరును వెంట తీసుకువెళ్ళలేకపోతే, పరీక్ష ఫలితం అనుకూలంగా వస్తేనే బేరం నిలుస్తుందన్న షరతు రాయించుకునే బయానా ఇవ్వాలి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఒక గుర్రాన్ని ఎంచుకుని, ఒంటి రంగు పేరు వాడకుండా, సుళ్ళు, మచ్చలు, గాయాల గుర్తులు, గిట్టల రంగు మాత్రమే రాస్తూ ఒక పేజీ వర్ణన తయారు చేయండి. నుదుటి సుడి కళ్ళ గీతకు పైనో కిందో, ఎటువైపు తిరిగిందో తప్పక ఉండాలి. ఆ గుర్రాన్ని ఎన్నడూ చూడని మనిషికి ఆ పేజీ ఇచ్చి, అదే రంగు గుర్రాల మధ్య నుంచి దానిని బయటకు తీయమనండి. తీయలేకపోతే పేజీని తిరగరాసి, మరొకరితో మళ్ళీ ప్రయత్నించండి.