క్వార్టర్‌బ్యాక్ పాఠాలు – 3: ముందు కాళ్లు, ఆ తర్వాతే చెయ్యి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో తన జట్టువాళ్లకు బంతి విసిరి అందించే ఆటగాడే క్వార్టర్‌బ్యాక్. గత పాఠంలో ఆ బంతి పట్టు చూశాం: ఉంగరపు వేలు, చిటికెన వేలు బంతి మీది లేసుల మీద, చూపుడు వేలు బంతి కొన వైపు, అరచేతికీ బంతికీ మధ్య కాస్త ఖాళీ. అది కుదరకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి, తొందరేం లేదు.

అమెరికాలో పిల్లల్ని ఈ ఆటలో పెట్టిన మన నాన్నల్లో చాలామందిమి క్రికెట్ ఆడి పెరిగాం. బౌండరీ దగ్గర్నుంచి విసిరిన అలవాటే పిల్లలకూ నేర్పేస్తాం. నేనూ రెండు నెలలు మావాణ్ణి "చెయ్యి బాగా వెనక్కి తీసుకెళ్లి విసర్రా" అంటూనే ఉన్నాను. అది తప్పు. క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములు. పెద్దలు ఆడే ఫుట్‌బాల్ 400 గ్రాముల పైమాటే. చెయ్యి చాచి పెద్ద సున్నా చుట్టి విసిరితే ఆ బరువంతా భుజం మీదా మోచేతి మీదా పడుతుంది. పైగా ఆ సున్నా పూర్తయ్యేలోపు ఎదుటి జట్టు డిఫెండర్ మీదికి వచ్చేస్తాడు. 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు జూనియర్ సైజు బంతే కొనండి.

బలం నేల నుంచి రావాలి. వెనక కాలు నేలను నెట్టగానే తుంటి తిరుగుతుంది, దాని వెంట ఛాతీ, భుజం, మోచెయ్యి, చివరికి మణికట్టు. చర్నాకోల ఝళిపించినప్పుడు ముందు కర్ర కదులుతుంది, కొస చివర్న చెళ్లుమంటుంది. ఇదీ అంతే.

ఈ వారం పని సుద్దముక్కతో. ఇంటి ముందు కాంక్రీటు మీద పిల్లాడి వెనక పాదం నుంచి మీవైపు తిన్నగా ఒక గీత గీయండి. కుడిచేతి వాటమైతే ఎడమ భుజం మీవైపు ఉండేలా నిలబడాలి. బంతి రెండు చేతులతో ఛాతీ దగ్గర. ముందు కాలు ఒక చిన్న అడుగు వేసి విసరాలి. మీరు బంతిని చూడకండి, ఆ పాదం ఎక్కడ పడిందో చూడండి. కుడిచేతి వాటం పిల్లాడికైతే గీతకు కాస్త వాడి ఎడమగా, బొటనవేలు దాదాపు మీవైపు తిరిగి పడితే సరైనట్టు. గీత దాటి వాడి కుడివైపు పడితే తుంటికి తలుపు మూసుకుపోయినట్టే, విసిరే పనంతా చేతి మీదే పడుతుంది. మావాడి పాదం జానెడు కుడికి పడేది. గీత చూపించాక వాడే సర్దుకున్నాడు. ఆ సాయంత్రం బంతి నా చేతుల్లో తగిలిన చప్పుడే మారిపోయింది.

అడుగు మరీ పెద్దదైతే ఒళ్లు వెనక్కి వాలి, బంతి అందుకోవాల్సిన రిసీవర్ తల మీదుగా పోతుంది. విసిరేటప్పుడు మోచెయ్యి భుజం ఎత్తుకు తగ్గకూడదు. విసిరాక చెయ్యి ఎడమ జేబు వైపు దిగాలి.

పేరున్న క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ చెయ్యి పక్కకు వాల్చి విసరడం చూసి పిల్లలు సరదాపడతారు. ఆయన తండ్రి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఆయన్నూ 2014లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎంచుకుంది. ఏ కోణం నుంచైనా విసరగల ఆ చెయ్యి వెనక అన్నేళ్ల విసురుంది. మనవాళ్లకు ఇప్పుడే వద్దు.

రోజుకు 30 విసుర్లు చాలు, వారంలో రెండు రోజులు పూర్తిగా సెలవు. భుజంలోగానీ మోచేతిలోగానీ నొప్పి అంటే వెంటనే ఆపేయండి. ఎదిగే ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు పాదం సరైన చోట పడ్డాక నాలుగో పాఠం తెరవండి, అక్కడ వెనక్కి మూడడుగులు వేసి విసరడం మొదలుపెడదాం.