ఉపన్యాసాలకు వెళ్లే రోజు పెరుగన్నం పులవకుండా

వరంగల్ నుంచి పిల్లలతో హైదరాబాద్ రవీంద్రభారతిలో రోజంతా సాగే ఉపన్యాసాలకు వెళ్లినప్పుడల్లా, తెల్లవారుజామున కలిపి తీసుకెళ్లిన పెరుగన్నం మధ్యాహ్న విరామానికి పులిసిపోయేది. ఇప్పుడు పెరుగుతో కాకుండా పాలతో కలుపుతున్నాను. నలుగురికి పావుకిలో బియ్యాన్ని మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, గోరువెచ్చబడ్డాక కాచి చల్లార్చిన పాలు ముప్పావు లీటరు, తియ్యటి పెరుగు రెండు చెంచాలు, తగినంత ఉప్పు వేసి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు చల్లారాక కలపాలి. డబ్బాలో పోసేటప్పుడు పాయసంలా పలుచగా ఉండి, ఇదేమిటని ఇంట్లోవాళ్లు సందేహించినా, ఐదు గంటలకు కలిపినది ఒంటిగంటకు కమ్మగా తోడుకొని గట్టిపడుతుంది. సభామందిరంలో తినడం మర్యాద కాదు కనుక, మేము దగ్గరలోని పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద కూర్చుని తింటాము. నలుగురి హోటలు ఖర్చు కూడా మిగులుతోంది.

అయితే మే నెల ఎండల్లో డబ్బాను కారులో వదిలేస్తే ఇది కూడా పులుస్తుంది; అప్పుడు పెరుగు ఒక్క చెంచాతో సరిపెట్టి, డబ్బాను తడిగుడ్డలో చుట్టి వెంటే ఉంచుకోవాలి. కీరా ముక్కలు ముందే కలిపితే నీరు ఊరుతుంది, విడిగా తీసుకెళ్లండి.