దయ్యం కథ రికార్డు చెయ్యాలంటే ముందు ఊ కొట్టేవాళ్ళను వెతకండి

ఫోన్ టీపాయ్ మీద పెట్టి, ఎర్ర బటన్ నొక్కి, "అమ్మమ్మా, ఒక దయ్యం కథ చెప్పు" అంటే వచ్చేది కథ కాదు, కథ సారాంశం. "ఏముంది బిడ్డా, మా ఊర్ల చింతచెట్టు కింద దయ్యముండేదట, మా చిన్నాయన చూసిండట, జెరమొచ్చి మంచం పట్టిండట." అయిపోయింది. అర నిమిషం కూడా పట్టదు. అదే మనిషి కరెంటు పోయిన రాత్రి మనవరాలిని పక్కలో పడుకోబెట్టుకుని ఇదే సంగతి ఇరవై నిమిషాలు చెబుతుంది. జ్ఞాపకం రెండుసార్లూ ఒకటే. రెండోసారి పక్కన ఊ కొట్టే మనిషి ఉంది, అంతే తేడా.

మన దగ్గర కథ ఒక్కరి పని కాదు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి అటొకరు, ఇటొకరు వంతలుంటారు. ఒగ్గు కథలోనూ ప్రధాన కథకుడి మాట అందుకునేవాళ్ళు, మధ్యలో ప్రశ్న వేసేవాళ్ళు లేకపోతే మల్లన్న కథ తెల్లవార్లూ నడవదు. ఇంట్లో ఆ వంత పాడేది "ఊ". హైదరాబాద్‌లో కథలు తెలిసినవాళ్ళకు కొదవ లేదు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి కూకట్‌పల్లి, ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పెద్దవాళ్ళు పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, కరీంనగర్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి కథలు మోసుకొచ్చినవాళ్ళే. కొదవంతా ఊ కొట్టేవాళ్ళకే.

ఎవరిని కూర్చోబెట్టాలి

చెప్పేవాళ్ళు ఒకరు, ఊ కొట్టేవాళ్ళు ఒకరు, ఫోన్ చూసుకునేవాళ్ళు ఒకరు. ఊ కొట్టడానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలు బాగా పనికొస్తారు. వాళ్ళకు నిజంగానే తర్వాత ఏమైందో కావాలి. పిల్లలు దొరక్కపోతే అదే జిల్లా నుంచి వచ్చిన ఇంకో పెద్దమనిషిని పిలవండి. నిజానికి ఇది ఇంకా మంచిది. "ఆ బాయి కాదు, మోటబాయి" అని రెండో ఆమె అడ్డం పడుతుంది, మొదటి ఆమెకు పౌరుషం వస్తుంది, ఇద్దరి మధ్య కథ రెట్టింపవుతుంది. నలుగురు దాటితే మాత్రం ముచ్చట పెళ్ళి సంబంధాల మీదికి మళ్ళుతుంది.

రాత్రి భోజనాలయ్యాక, సీరియల్ టైం దాటాక కూర్చోండి. ఆ ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినా, గర్భిణి గానీ పచ్చి బాలింత గానీ ఉన్నా దయ్యాల సంగతి ఎత్తకండి. పెద్దవాళ్ళు ఎలాగూ చెప్పరు, పైగా మళ్ళీ పిలవరు.

ఏమని అడగాలి

"దయ్యాలు ఉన్నాయంటారా?" అని అడిగితే జరిగేది వాదన. "దయ్యం కథ చెప్పండి" అంటే సారాంశం వస్తుందని పైనే చూశాం. చోటు గురించి అడగండి. "మీ ఊర్ల పొద్దుగూకినంక ఎటు పోవద్దనేటోళ్ళు?" అంటే చాలు. చెరువు తూము, ఊరవతల పాడుబడ్డ బావి, కాటికి పోయే బాట, చింతతోపు, ఏదో ఒకటి వస్తుంది. తర్వాత "ఎందుకు పోవద్దు?" ఆ తర్వాత "ఎవలు చూసిన్రు?" ఈ మూడో ప్రశ్న తర్వాత నోరు మూసుకోవాలి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని ఇంకో ప్రశ్న వేసేవాళ్ళ రికార్డింగుల్లో కథ ఉండదు, ఇంటర్వ్యూ ఉంటుంది.

ఊరు వదిలి చాలా ఏళ్ళయినవాళ్ళకు ఇంకో తాళంచెవి ఉంది: "మీ తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన్రా? ఎవరు రాసిన్రు, దేంతో రాసిన్రు?" సుద్దముక్కా, బొగ్గా, జాజా అన్న దగ్గర మొదలై ఆ వాడకట్టంతా బయటికొస్తుంది. ఉత్తర తెలంగాణ వైపు వాళ్ళలో కొందరికి కథ అంటే రాముడి కథో మల్లన్న కథో. "ఒక శాత్రం చెప్పు" అంటే తప్ప ఇంట్లో చెప్పుకునేది గుర్తుకు రాదు.

వాళ్ళన్న మాట వాళ్ళదే

అన్నిటినీ "దయ్యం" ఖాతాలో వెయ్యడం కొత్తగా సేకరించేవాళ్ళ పెద్ద పొరపాటు. కొరివి దయ్యం రాత్రిపూట పొలాల మీద కదిలే మంట. తలకొరివిలో ఉన్న కొరివే అది. బ్రహ్మరాక్షసి చదువుకుని చెడిన మనిషి. దానికి భయపెట్టడంతో పాటు ప్రశ్నలు వెయ్యడం కూడా అలవాటు. "గాలి" కి ఆకారమే ఉండదు, సోకుతుంది అంతే. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో జిన్ అన్నారంటే దాన్ని దయ్యం అని తెలుగు చెయ్యకండి. ఇస్లాం నమ్మకంలో జిన్ పొగలేని అగ్నితో పుట్టిన వేరే సృష్టి, చచ్చిన మనిషి కాదు. అదే ఇంట్లో చుడేల్ అంటే చాలాసార్లు కాన్పులో పోయిన ఆడమనిషి; పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. రెండూ ఒకే ముద్దలో కలిపితే చెప్పినవాళ్ళకే నవ్వొస్తుంది.

అంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సింది దేవతల విషయంలో. మైసమ్మ చెరువు కట్టను కాసే తల్లి. పోచమ్మ, ఎల్లమ్మ ఊరి దేవతలు. "మైసమ్మ దయ్యమా?" అని అడిగితే ఆ రోజుకు మీ పని అయిపోయినట్టే. తేడా క్రియాపదం చెబుతుంది, వినండి. దేవత "పూనుతుంది", "మీదికొస్తుంది", మనిషి "శిగమూగుతది". దయ్యం "పడుతుంది", గాలి "సోకుతుంది". బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పే మనిషిని "దయ్యం పట్టింది" అని ఎవరూ అనరు. మీ నోట్సులో కూడా అనకూడదు.

ఫోన్ సంగతి

ఖరీదైన మైకు అక్కర్లేదు. కానీ మెసేజ్ యాప్‌లో వాయిస్ నోట్‌గా మాత్రం తీసుకోవద్దు. అది శబ్దాన్ని బాగా కుదిస్తుంది, దయ్యం కథలో ముఖ్యమైన చోట్లన్నీ గుసగుసల్లోనే ఉంటాయి. వేవ్ (WAV) ఫార్మాట్‌లో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టండి. నిమిషానికి సుమారు 5.3 ఎంబీ, అరగంటకు 160 ఎంబీ అవుతుంది; ముందే ఖాళీ చూసుకోండి. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉంటే ఆపెయ్యండి. దానికి నెమ్మదిగా వచ్చే "ఊ" కూడా నాయిసే, కోసేస్తుంది. ఎయిరోప్లేన్ మోడ్ తప్పనిసరి.

ఫోన్‌ను గట్టి బల్ల మీద కాకుండా నాలుగు మడతల టవల్ మీద, చెప్పేవాళ్ళకు మూరెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే "ప", "భ" పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు కొట్టి డబ్ డబ్‌మంటుంది. ఎండాకాలం ఫ్యాన్ ఆపమని పెద్దవాళ్ళను అడగలేం. ఫ్యాన్ తిరగనివ్వండి, ఫోన్‌ను దాని గాలి తగిలే చోటు నుంచి జరపండి. కూలర్ అయితే ఇంకో గదిలోకి మారడమే దారి. ముప్పై సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో విని చూసుకున్నాకే అసలు కథ మొదలుపెట్టండి.

మొదట మీరే తేదీ, ఉన్న వాడ, చెప్పేవాళ్ళ సొంత ఊరు, మండలం, ఎవరెవరు కూర్చున్నారో మాటల్లో చెప్పండి. ఫైలు పేరు పోయినా ఇవి ఫైలు లోపలే ఉంటాయి. చివర్లో పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది చప్పుడు తీసుకోండి. తర్వాత శుభ్రం చేసేటప్పుడు పనికొస్తుంది. ఆ రాత్రే మూడు కాపీలు చెయ్యాలి: ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంటి బయట ఇంకెక్కడైనా ఒకటి.

పేర్లు

దయ్యం కథలో దయ్యానికి చాలాసార్లు ఇంటిపేరు ఉంటుంది. "ఫలానా వాళ్ళ చిన్నకోడలు బాయిల పడ్డది" అన్నది కథకు ముందుమాటలా వినిపిస్తుంది గానీ, అది ఒక మనిషి చావు. ఆమె ఎందుకు బావిలో పడిందో ఊరు పైకి అనలేక దయ్యంగా చెప్పుకుని ఉండొచ్చు. ఆ ఇంటివాళ్ళ మనవలు బతికే ఉంటారు. పేరు, ఇంటిపేరు మార్చండి. చిన్నకోడలు, బావి మాత్రం మార్చకండి. వరస మారితే కథే మారుతుంది. ఇంట్లోవాళ్ళే వినాలా, పేరు మార్చి బయట పెట్టొచ్చా, ఉన్నదున్నట్టు పెట్టొచ్చా అన్నది చెప్పినవాళ్ళ నోటితోనే రికార్డులో అనిపించండి.

బాణామతి, చేతబడి సంగతులు వేరే లెక్క. అవి చచ్చినవాళ్ళ మీద కాదు, బతికున్న మనిషి మీద చెప్పే మాటలు. ఆ అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా. రికార్డులో వస్తే ఇంట్లో దాచుకోండి. పేరు మార్చినా సరే, బయట పెట్టొద్దు.

రాసుకోవడం

గంట రికార్డింగు రాయడానికి ఐదారు గంటలకు తక్కువ పట్టదు. అందుకే అంతా కాకుండా మంచి కథను ఎంచుకుని, దాన్ని మాత్రం పలికినట్టు రాయండి. చిన్న ఆగుడుకు ఒక గీత, పెద్ద ఆగుడుకు రెండు గీతలు, విన్నవాళ్ళ మాట బ్రాకెట్లో. ఇలా వస్తుంది:

"ఆ చింతచెట్టు లేదూ, (ఊ) చెరువు కట్ట దిగంగనే, (ఊ) ఆడ మా చిన్నాయన బండి ఆగింది. / ఎడ్లు ముందలకు పోతలెవ్వు. (ఊఁ?) కొట్టినా పోతలెవ్వు. // బండి ఎనుక ఎవలో ఎక్కినట్టు బరువైంది. (ఎవలు?) ఎవలా? ఎనుకకు తిరిగి చూస్తె గదా నీకు చెప్పేది!"

దీన్నే "మా చిన్నాన్న ఎద్దులబండి చింతచెట్టు వద్ద ఆగిపోయింది. వెనుక ఎవరో ఎక్కినట్లు ఆయనకు అనిపించింది" అని సరిచేసి చూడండి. సమాచారం ఎక్కడికీ పోలేదు, దయ్యం మాత్రం దిగి వెళ్ళిపోయింది. అది "ఎవలు?" అన్న ప్రశ్నకూ దానికి జవాబు రాకపోవడానికీ మధ్య కూర్చుని ఉండింది మరి.

మోటారు బండ్లొచ్చినా ఈ దయ్యం దిగలేదు. ఎద్దులబండి ఎక్కినదే బైకు వెనుక సీటు ఎక్కుతుంది, రాత్రి రోడ్డు మీద లిఫ్ట్ అడిగి మధ్యలో మాయమవుతుంది. ప్రపంచ జానపద కథాంశాలకు సంఖ్యలిచ్చిన స్టిత్ థాంప్సన్ సూచికలో చచ్చినవాళ్ళకు సంబంధించినవన్నీ ఇంగ్లీషు "ఇ" (E) అక్షరం కింద ఉంటాయి. మాయమయ్యే ప్రయాణికుడికి కూడా అందులో సొంత సంఖ్య ఉంది. క్యాబ్ డ్రైవర్లు చెప్పేవి వదలకండి. కానీ నగరంలోని "దయ్యాల బంగళాల" జాబితాలు చూసి గోడలు దూకకండి. అవి ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎత్తి రాసినవి, వాటి వెనుక చెప్పే నోరు లేదు.

డాబా మీద తిరిగి చెప్పడం

పది పదిహేను మంది చాలు. గుండ్రంగా కూర్చోబెట్టండి, ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించండి, మెట్ల దగ్గరి లైటు ఒక్కటే ఉంచండి. కటిక చీకటి వద్దు, చెప్పేవాళ్ళ చేతులు కనిపించాలి. పది నిమిషాలకు మించొద్దు.

"అనగనగా" తో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఇది కల్పితం, హాయిగా వినొచ్చు అని చెవికి తెలిసిపోతుంది. దయ్యం కథకు ఊరి పేరు, చెప్పిన మనిషి వరస కావాలి: "మా అమ్మమ్మ వాళ్ళ చిన్నాయనకు, నల్లగొండ దిక్కు…" చివర్లో "కథ కంచికి, మనం ఇంటికి" కూడా వద్దు, ఈ కథ ఎక్కడికీ పోదు. అలాగని దాన్ని మీ వీధికి మార్చకండి. చెరువు కట్టను మెట్రో పిల్లర్ చేస్తే పిల్లలు ఒకసారి నవ్వుతారు, అంతే.

మొదలుపెట్టే ముందే ఒక పిల్లకో పిల్లాడికో ఊ పని అప్పగించండి. గబగబా కాదు, మాట విరిగిన చోట. దించి అంటే "అర్థమైంది", ఎత్తి అంటే "తర్వాత?", సాగదీసి అంటే "నిజమా?" అని నేర్పండి. ఊ ఆగిపోయిందంటే నిద్ర వచ్చినట్టో, భయం ఎక్కువైనట్టో. మొహం చూసి తెలుసుకోండి. భయపెట్టాల్సిన చోట గొంతు పెంచకండి, దించండి. అరుపు ఒక్క క్షణం ఉలిక్కిపడేలా చేస్తుంది. తగ్గిన గొంతు అందరినీ ముందుకు వంగేలా చేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ జోలికి అసలు పోవద్దు.

ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఆ రోజు కథ మార్చండి. పెద్ద పిల్లలకైనా చివరి కథ దయ్యం మోసపోయేదే ఉండాలి. మంగలి అద్దం చూపించి "నీలాంటిదాన్ని ఒకదాన్ని ఇప్పటికే సంచిలో కట్టిన" అని బెదిరించేది ఎప్పుడూ పని చేస్తుంది. "నిజమేనా?" అని అడిగితే "మా అమ్మమ్మ అట్లనే చెప్పింది" అనండి, అది అబద్ధం కాదు. కథ అవ్వగానే "దయ్యాలు లేవు పిల్లలూ" అని ఉపన్యాసం వద్దు. మర్నాడు అడిగితే అప్పుడు చెప్పొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇప్పుడు జ్వరమొచ్చి "గాలి సోకింది" అంటే మాత్రం కథ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

పది పదిహేను రోజులయ్యాక, డాబా మీద విన్న పిల్లలను మొదట కథ చెప్పిన పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళండి. ఈసారి పిల్లలు చెప్పాలి, ఆమె ఊ కొట్టాలి. ఫోన్ మళ్ళీ టవల్ మీద పెట్టి ఆన్ చెయ్యండి. నాలుగైదు ఊల తర్వాత "అట్ల గాదు బిడ్డా" అని ఆపుతుంది. మొదటిసారి చెప్పనిది అక్కణ్నుంచి వస్తుంది. దానికి కొత్త ఫైలు, కొత్త నంబరు ఇవ్వండి.